కరెంటు (రేడియేషన్) పెట్టించాక ఒంటికి మాటిమాటికీ వెళ్లాల్సి వస్తోందా?

[తెర మీద: చీకటి గది. గడియారంలో 2:20. బాత్‌రూమ్ లైటు వెలుగుతుంది.]

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి రేడియేషన్ పూర్తయి ఇంటికొచ్చిన మగవాళ్లు చాలామంది రాత్రిళ్లు ఇలాగే లేస్తుంటారు. ఒకసారి, గంటకి మళ్లీ, ఇంకో గంటకి మళ్లీ. పొద్దున్నే ఇంట్లోవాళ్లు అడిగితే "వయసు కదా" అనేస్తారు. మెల్లగా కూతురింటికి బస్సులో వెళ్లడం కూడా మానేస్తారు. ఈ వీడియో వాళ్ల కోసం, వాళ్లింట్లో వాళ్ల కోసం.

[బొమ్మ: మూత్రసంచి, దాని కింద ప్రోస్టేట్]

ప్రోస్టేట్ గ్రంథి మూత్రసంచికి సరిగ్గా కింద ఉంటుంది. మూత్రనాళం దాని మధ్యలోంచే పోతుంది. మనవైపు "కరెంటు పెట్టడం" అంటాం గానీ అందులో కరెంటు షాకేమీ ఉండదు, అవి బాగా శక్తి ఉన్న ఎక్స్-రే కిరణాలు. గ్రంథికి గురిపెడితే నాళానికీ, సంచి అంచుకీ కొంత తగలక తప్పదు. లోపలి పొర వాస్తుంది. నోరు పూసినప్పుడు కారం తగిలితే ఎలా ఉంటుందో, అక్కడ మూత్రం తగిలితే అలా ఉంటుంది. అందుకే మంట, ఆపుకోలేకపోవడం, ధార సన్నబడటం.

ఇది సాధారణంగా రెండో మూడో వారంలో మొదలై, చికిత్స అయ్యాక కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతుంది. బ్రిటన్‌లో 1,643 మంది మగవాళ్లతో ప్రోటెక్ట్ అనే పెద్ద అధ్యయనం చేశారు. రేడియేషన్ తీసుకున్నవాళ్లకి 6 నెలలప్పుడు రాత్రి లేవడం ఎక్కువగా ఉండి, ఏడాది దాటేసరికి చాలావరకు సర్దుకుందని 2016లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. మూత్రం కారిపోయే ఇబ్బంది ప్రోస్టేట్ తీసేసే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలోనే ఎక్కువ.

[తెర మీద: స్టీలు గ్లాసు, నోటు పుస్తకం, పెన్ను]

చాలామంది చేసే పొరపాటు నీళ్లు మానేయడం. దయచేసి ఆ పని చేయకండి. మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది. పగలంతా కొంచెం కొంచెం తాగుతూ, పడుకునే ముందు రెండు మూడు గంటలు మాత్రం తగ్గించండి. సాయంత్రం టీ, కాఫీ మానేసి చూడండి. ఎన్ని గ్లాసులు తాగారో, ఎన్నిసార్లు వెళ్లారో మూడు రోజులు రాసిపెట్టండి. డాక్టరుకి ఆ పేజీ చాలా పనికొస్తుంది.

డాక్టరు ముందు ఇన్ఫెక్షన్ ఉందేమోనని మూత్రపరీక్ష రాస్తారు. ధార సన్నగా ఉంటే టామ్సులోసిన్ లాంటి మాత్ర ఇవ్వొచ్చు. అది వేసుకునేవాళ్లకి లేవగానే కళ్లు తిరగొచ్చు. రాత్రి చటుక్కున లేవకండి. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, అప్పుడు నిలబడండి.

ఇక ముఖ్యమైన మాట. చికిత్స అయిపోయిన ఏడాదికో, ఐదేళ్లకో, ఇంకా ఆలస్యంగానో మూత్రంలో రక్తం కనిపించొచ్చు. రేడియేషన్ తగిలిన చోట రక్తనాళాలు పెళుసుబారడం ఒక కారణం. అదే కారణమని మీకు మీరే తేల్చుకోకండి, చూపించుకోండి. అప్పట్లో రేడియేషన్ తీసుకున్నానని తప్పకుండా చెప్పండి. మూత్రంలో రక్తం గడ్డలుగా పడుతున్నా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి.

[తెర మీద: 0 నుంచి 6 వరకు అంకెలు]

యూరాలజీ డాక్టర్లు వాడే ఐపీఎస్ఎస్ అనే ప్రశ్నాపత్రం ఒకటుంది. ఏడు ప్రశ్నలు లక్షణాల గురించి. ఎనిమిదోది వేరు: ఒంటికి వెళ్లే తీరు ఇప్పుడున్నట్టే జీవితాంతం ఉండిపోతే మీకెలా అనిపిస్తుంది? 0 అంటే ఎంతో సంతోషం. 6 అంటే భరించలేను. ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, మనిషి ఎలా బతుకుతున్నాడో అడుగుతుంది కాబట్టి. రాత్రికి నాలుగుసార్లు లేచినా 2 వేసేవాళ్లుంటారు, రెండుసార్లకే 5 వేసేవాళ్లుంటారు. రెండూ నిజమే.

వీడియో ఆపి మీ అంకె ఒక కాగితం మీద వేయండి. దాన్ని మీ మూడు రోజుల లెక్కతో పాటు మడిచి జేబులో పెట్టుకోండి. డాక్టరు ముందు నోరు పెగలకపోతే, ఆ కాగితం చేతికిచ్చేయండి.