ఏడు ఎన్నికలు, ఒక్క ఓటూ అడగని స్పీకర్

హోస్ట్: ఐర్లండ్‌లో ఫ్రాంక్ ఫాహీ స్పీకర్‌గా ఉండగా ఏడుసార్లు ఎన్నికలొచ్చినా, ఆయన ఒక్కసారీ ఓటడగలేదట. అదెలాగండీ?

అతిథి: చట్టమే అలా ఉంది. ఫ్రాంక్ ఫాహీ 1932 మార్చిలో ఐర్లండ్ దిగువ సభ డాయిల్‌కి స్పీకరయ్యారు. 1951 జూన్ దాకా ఆ కుర్చీ దిగలేదు. అక్కడ అంతకాలం ఇంకెవరూ చేయలేదు. స్పీకర్‌గా ఉన్నాయన రిటైరవుతాననకపోతే, సార్వత్రిక ఎన్నికల్లో పోటీ లేకుండానే గెలిచినట్టు లెక్క. 1937 రాజ్యాంగంలోనూ ఆ ఏర్పాటు ఉంచారు.

హోస్ట్: మన దగ్గర స్పీకరైనా సరే, ఎండలో జీపెక్కి తిరగాల్సిందే!

అతిథి: (నవ్వు) ఓట్లడగాలంటే పార్టీ జెండా పట్టుకోవాలి. మర్నాడు సభలో నేను అందరివాణ్ణి అంటే ఎవరు నమ్ముతారు?

హోస్ట్: మరి ఈయనకు పార్టీ లేదా?

అతిథి: లేకపోవడమేంటండీ! గాల్వే మనిషి, టీచరు. బ్రిటిష్ పాలన మీద 1916లో లేచిన ఈస్టర్ తిరుగుబాటులో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల దగ్గర పోరాడారు, జైలుకెళ్ళారు. 1918 ఎన్నికల్లో స్వాతంత్ర్యం కోరే షిన్ ఫేన్ పార్టీ తరఫున గెలిచారు. బ్రిటన్‌తో ఒప్పందం వద్దన్నవాళ్ళలో ఒకరు. తర్వాత ఆ వర్గం నాయకుడు డి వలేరా పెట్టిన ఫియానా ఫాల్ పార్టీలో చేరారు. డి వలేరా ప్రభుత్వం వచ్చిన రోజే ఈయన కుర్చీ ఎక్కారు. అప్పటికి ఆ ఒప్పందం మీదే వచ్చిన అంతర్యుద్ధం ముగిసి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. ఒకరి మీదొకరు తుపాకులెత్తినవాళ్ళే ఎదురెదురు బెంచీల్లో!

హోస్ట్: బాబోయ్, టెన్షన్ ఉద్యోగమే.

అతిథి: ఇంకోటి. 1937 డిసెంబరులో కొత్త రాజ్యాంగం వచ్చింది, రాష్ట్రపతి మాత్రం ఇంకా లేరు. 1938 జూన్‌లో డగ్లస్ హైడ్ వచ్చేదాకా ఆ పనులు చూసిన ముగ్గురిలో ఫాహీ ఒకరు. మిగతా ఇద్దరూ జడ్జీలు.

నాకైతే అసలు కథ 1948లో ఉంది. పదహారేళ్ళ తర్వాత ఫియానా ఫాల్ గద్దె దిగింది, కాస్టెల్లో ప్రధానిగా ఎదుటి పార్టీల కూటమి వచ్చింది. అయినా స్పీకర్ మారలేదు.

హోస్ట్: పెద్దమనసే!

అతిథి: లెక్క కూడా ఉందని నా అనుమానం. ఓట్లు సమానమైతే తప్ప స్పీకర్ ఓటెయ్యరు. ప్రతిపక్షం మనిషి ఆ కుర్చీలో ఉంటే వాళ్ళకో ఓటు తగ్గినట్టే కదా! 1951లో చూడండి, డి వలేరా మెజారిటీ లేకుండా తిరిగొచ్చారు. అప్పుడు స్పీకరయింది ఆయన పార్టీవాడు కాదు, లేబర్ పార్టీ పాట్రిక్ హోగన్. ఫాహీ మామూలు సభ్యుడిగా వెనక్కెళ్ళి, 1953లో పోయేదాకా అలాగే ఉన్నారు.

హోస్ట్: అంతా బాగుంది గానీ, పాపం ఆ గాల్వే ఓటర్ల మాటేంటి?

అతిథి: అక్కడ ఒక నియోజకవర్గం నుంచి కనీసం ముగ్గురు ఎన్నికవుతారు. 1948లో గాల్వే సౌత్‌కి మూడు సీట్లు. ఒకటి ఈయనకి పోగా, జనం ఓట్లేసింది రెండింటికే.

హోస్ట్: నేనా ఊరివాణ్ణయితే ఒప్పుకునేవాణ్ణి కాదు!