ఓడిన చేప ఎక్కడికి పోవాలి?

నమస్కారం. ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్ళకి, పిల్లల పోరు పడలేక రేపో మాపో కొందామనుకుంటున్నవాళ్ళకి కూడా పనికొస్తుందని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను. చేపలు కొట్టుకోవడం గురించి, ముఖ్యంగా తమ చోటు కోసం పోట్లాడే సిక్లిడ్ అనే రంగు చేపల కుటుంబం గురించి.

మా మొదటి ట్యాంకు రెండడుగులది. షాపులో రంగులు చూసి ముచ్చటపడి ఆరు ఆఫ్రికన్ సిక్లిడ్‌లు తెచ్చాం. ఒక్కోటి బొటనవేలంత. ఏది ఏ జాతో వాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు. అందులో ఒకటి పసుపు ఒంటి మీద నల్ల చారలతో ఉండేది, మా పాప దానికి పులి అని పేరు పెట్టింది. కొన్ని నెలలకి దాని పసుపంతా పోయి ఒళ్ళు నల్లబడింది, చారలు లేత నీలంగా తేలాయి. జబ్బు చేసిందనుకుని నీళ్ళలో మందు కూడా వేశాం. జబ్బు కాదది. అది ఔరాటస్ అనే జాతిలో మగ చేప, ఎదిగాక దాని రంగు అలా తిరగబడుతుంది. ఎంబునా అనే, రాళ్ళ మధ్య బతికే ఆఫ్రికన్ సిక్లిడ్‌లలో చాలా దూకుడైన వాటిలో అదొకటని తర్వాతెప్పుడో తెలిసింది.

ఒకరోజు పొద్దున్నే లైటు వేసేసరికి మిగతా వాటిలో ఒకటి ఫిల్టర్ పైపుకీ అద్దానికీ మధ్య, నీటి పైఅంచున, నిలువుగా వేలాడుతున్నట్టు ఉంది. తోక పీలికలు పీలికలుగా చీలిపోయింది. పక్కన నాలుగైదు పొలుసులు ఊడి చర్మం తెల్లగా కనిపిస్తోంది. మేత వేస్తే అన్నీ పైకొచ్చాయి, అది మాత్రం కదల్లేదు. ఎంతసేపటికో ఒక్క అంగుళం కిందికి దిగింది, అంతే, రాళ్ళ సందులోంచి నల్లది బాణంలా దూసుకొచ్చింది. ఆ సాయంత్రానికి ఆ చేప చచ్చిపోయింది. తర్వాత మరొకటి. చివరికి ట్యాంకులో నల్లదొక్కటే మిగిలింది.

దాని మీద చాలా కోపం వచ్చింది. కానీ ఆ చేపలు ఎక్కడివో తెలుసుకున్నాక ఆ కోపం నిలవలేదు. ఆఫ్రికాలో మాలావీ, మొజాంబిక్, టాంజానియా దేశాల నడుమ మాలావీ సరస్సు ఉంది. పొడవు 580 కిలోమీటర్ల దాకా, బాగా లోతైన చోట ఏడు వందల మీటర్లు. ఆ ఒడ్డు వెంట నీళ్ళలో మునిగిన రాళ్ళ గుట్టల్లో బతికే చేపల్నే అక్కడివాళ్ళు ఎంబునా అంటారు. రాతి మీద పట్టిన పాచిని గీక్కు తింటాయి. ఆ రాయే వాటికి పొలం, అక్కడే గుడ్లు పెట్టించుకోవడం, అక్కడే కాపలా. పక్కవాడు గట్టు దాటితే తగాదా. మొదట పక్కకు తిరిగి రెక్కలన్నీ విప్పి ఒళ్ళు చూపిస్తాయి, తోకతో నీళ్ళు కొడతాయి, తగాదా ఇంకా తేలకపోతే మూతీ మూతీ పట్టుకుని తోసుకుంటాయి. ఓడింది వెళ్ళిపోతుంది. చిన్న ఈత ఈదితే చాలు, హద్దు దాటేస్తుంది, గెలిచింది వెనక్కి తిరిగి తన రాయి దగ్గరికి పోతుంది.

మా రెండడుగుల ట్యాంకులో ఓడిన చేప ఎక్కడికి పోవాలి? ఎటు ఈదినా అద్దమే. అది వెళ్ళిపోలేదు కాబట్టి గెలిచింది ఆపదు, హద్దులో ఇంకా పరాయి చేప ఉందనే దానికి అనిపిస్తుంది. నేను నేర్చుకున్నదంతా ఇక్కడి నుంచే వచ్చింది. ఓడినదానికి తప్పుకునే చోటు ఇవ్వాలి, లేదంటే తరిమేదాని గురి ఒక్కదాని మీదే నిలవకుండా చూడాలి.

చోటు అంటే ముందు ట్యాంకు నేల. ఎత్తు ఎంతున్నా వీటికి పెద్దగా లాభం లేదు, ఇవి హద్దులు గీసుకునేది నేల మీదా రాళ్ళ మీదా. ఎంబునాలకి కనీసం నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉండాలని నా గట్టి అభిప్రాయం. అడుగున్నర ఎత్తు వేసుకుంటే సుమారు 250 లీటర్లు పడుతుంది. అంత చోటు లేకపోతే ఈ చేపలు వద్దు. ఈ మాట షాపులో చెప్పాల్సింది, చాలాచోట్ల చెప్పరు.

ఇక రాళ్ళు. రెండు రాళ్ళు అందానికి పెడితే సరిపోదు. ట్యాంకు వెనక నుంచి పై దాకా గుట్టలా పేర్చాలి, సందులు చాలా ఉండాలి, ప్రతి సందుకీ రెండు దారులుండాలి. ఒకటే దారి ఉంటే లోపల దూరిన చేప ఇరుక్కుపోతుంది, బయట తరిమేది కాపు కాస్తుంది. ఒక చివర నుంచి చూస్తే ఇంకో చివర కనపడకుండా పేర్చుకోండి, కంటికి కనపడని చేపను తరమదు. హైదరాబాద్‌లో మనకి షాబాదు బండ ముక్కలు సులువుగా దొరుకుతాయి. అది సున్నపురాయి, నీళ్ళలో సున్నం లాంటి లవణాలు పెంచి వాటిని కొంచెం గట్టిపరుస్తుంది, ఈ చేపలకు గట్టి నీళ్ళే కావాలి. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే బోరు నీళ్ళు మనల్ని విసిగిస్తాయి గానీ మాలావీ చేపలకు బాగానే పడతాయి. కుళాయి నీళ్ళయితే మాత్రం యాంటీ క్లోరిన్ వెయ్యకుండా పొయ్యొద్దు. ఒక జాగ్రత్త ఉంది. అడుగున థర్మోకోల్ షీటు వేసి, ముందు రాళ్ళు నిలబెట్టి, ఆ తర్వాతే ఇసుక పొయ్యాలి. ఇవి ఇసుక తవ్వుతాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఏదో ఒక రాత్రి ఒరిగిందంటే చేపా పోతుంది, అద్దమూ పోతుంది.

రెండో సంగతి చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. కొట్టుకుంటున్నాయని చేపల్ని తగ్గిస్తాం, అది ఎంబునాల విషయంలో తప్పు. నాలుగైదే ఉంటే బలమైనది రోజంతా ఒక్కదాన్నే పట్టుకుంటుంది. ఇరవై ఉంటే ఒకదాని వెంట పడేలోపు ఇంకోటి అడ్డొస్తుంది, గురి చెదిరిపోతుంది. మా నాలుగడుగుల ట్యాంకులో ఇప్పుడు ఇరవై దాకా ఉన్నాయి, ఒక్కో మగదానికి మూడు నాలుగు ఆడవి. ఒకటే ఆడది ఉంటే దాన్ని మగది ఊపిరాడనివ్వదు. కానీ గుంపు పెంచితే దాని బరువు మనం మొయ్యాలి. పెద్ద ఫిల్టర్, వారం వారం మూడో వంతు నీళ్ళు మార్చడం, కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి. కిక్కిరిసిన ట్యాంకులో గాలి ఆగిపోతే ఎంతోసేపు తట్టుకోలేవు. రెండడుగుల ట్యాంకులో ఇరవై వేసి ఈ మాట నా మీద పెట్టకండి దయచేసి.

ఏ చేపలు కలపాలన్నది కూడా ముఖ్యమే. లాబిడోక్రోమిస్ అనే పసుపు చేప వీటిలో నెమ్మదైనది, మొదటిసారి పెంచేవాళ్ళకి అదే చెబుతాను. ఒకేలాంటి రంగూ చారలూ ఉన్న రెండు జాతుల్ని కలపొద్దు, తనలాంటి మగదే అనుకుని మరీ ఎక్కువ పొడుస్తాయి. అమెరికా ఖండపు సిక్లిడ్‌ల సంగతి వేరు. కాన్విక్ట్ అనే చారల చేపల జంట పిల్లల్ని పెట్టిందంటే సగం ట్యాంకు వాటిదే, కాబట్టి ఆ జంటకు వేరే కాపురం పెట్టించాల్సిందే. అదృష్టమని మనవాళ్ళు పెంచే ఫ్లవర్‌హార్న్‌ను ఒంటరిగా ఉంచడమే మేలు.

అన్నిటికంటే టెన్షన్ కొత్త చేపను వేసే రోజే. ఒక్కదాన్ని తెచ్చి వెయ్యకండి, నాలుగైదు కలిపి వెయ్యండి. వేసే ముందు పాత వాటికి మేత పెట్టి, రాళ్ళన్నీ తీసి వేరేలా పేర్చండి. పాత హద్దులు చెరిగిపోతాయి, అప్పుడు పాతవీ కొత్తవే, అన్నీ మళ్ళీ చోటు వెతుక్కోవాలి. చేపల్ని వదిలాక ఆ రాత్రికి లైటు ఆర్పెయ్యండి. మా ఇంట్లో ఇలా చేసిన ప్రతిసారీ తెల్లారేసరికి గొడవ చిన్నదైంది. వేసవిలో నీళ్ళు వేడెక్కితే చేపలకి ఒంట్లో జోరు పెరుగుతుంది, పోట్లాటలూ పెరుగుతాయి. 25, 26 డిగ్రీల దగ్గర ఉంచగలిగితే మంచిది.

ఎంబునాల్లో ఆడది గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. సుమారు మూడు వారాలు దాదాపుగా ఏమీ తినదు, గొంతు కింద ఉబ్బి ఉంటుంది, నోరు నెమ్మదిగా నమిలినట్టు ఆడుతుంది. ఆ దశలో దాన్ని తరుముతుంటే గుడ్లు వదిలేస్తుంది. అలా కనిపిస్తే చిన్న ట్యాంకులోకి మెల్లగా మార్చండి. మొదటిసారి మా ఇంట్లో ఒక పసుపు చేప నోట్లోంచి వేలిగోరంతైనా లేని పిల్లలు ఒక్కొక్కటే బయటికొస్తుంటే, నేనూ మా పాపా అన్నం మానేసి చూస్తూ కూర్చున్నాం.

ఒక్క పని ఈ రాత్రే చెయ్యండి. మేత వేసి ఐదు నిమిషాలు ట్యాంకు ముందు కూర్చోండి. కాసేపు తరుముకుని ఆగిపోతే భయం లేదు. కానీ మేతకు రాని చేప ఉందా, పై మూలల్లో, హీటర్ వెనక, ఫిల్టర్ పైపు పక్కన ఏదైనా రెక్కలు ముడుచుకుని వేలాడుతోందా చూడండి. కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఆ ట్యాంకు నీళ్ళే ఒక బకెట్‌లో పోసి, గాలి పైపు పెట్టి, దాన్ని ముందు అందులోకి తియ్యండి.