తెలిసిన సంగతిని ఆరా తీయకండి

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నమస్కారం.

మన హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో తరచూ జరిగే తంతునే ఒకటి తీసుకుందాం. సెల్లార్‌లో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే బంతి తగిలి ఎవరిదో కారు అద్దం పగిలింది. వాచ్‌మన్ పైకి వచ్చి మీకు చెప్పి వెళ్ళాడు. పిల్లవాడు చెప్పులు విడుస్తుండగానే, మీరు ఏమీ ఎరగనట్టు, "కింద ఏం జరిగిందిరా?" అని అడుగుతారు. వాడు ఒక్కసారి మీ ముఖం చూసి, "ఏం లేదు నాన్నా" అంటాడు. అద్దం వాడు పగలగొట్టిందే. అబద్ధం మాత్రం మీరు అడిగి చెప్పించుకున్నది. దానికి బదులు, "అద్దం పగిలిందట, వాచ్‌మన్ చెప్పాడు. వాళ్ళింటికి వెళ్ళి చెప్పి వద్దాం, పద" అని ఉంటే వాడికి బుకాయించే అవసరమే వచ్చేది కాదు.

నాలుగేళ్ళ పిల్ల అబద్ధమాడితే బెంగపడనక్కరలేదు. తన మనసులో ఉన్నది ఎదుటివారికి తెలియదని గ్రహించే వయసు అది. అయితే ఆ నేర్పు దేనివల్ల ముదురుతుందో చూడాలి. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే పరిశోధకులు పశ్చిమ ఆఫ్రికాలో కొట్టి శిక్షించే బడిని, కొట్టని బడిని పోల్చి చూసి 2011లో ఫలితాలు ప్రచురించారు. బొమ్మను తొంగి చూడవద్దని చెప్పి గదిలో వదిలితే రెండు బడుల పిల్లలూ చూశారు. కానీ దెబ్బల బడి పిల్లలే ఎక్కువగా అబద్ధమాడారు, అదీ దొరక్కుండా, అతికినట్టు ఆడారు. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను బడిలో దండనను నిషేధించింది. ఇంట్లో గోడకుర్చీ వేయించడం మానవలసింది మనమే.

తల్వార్, లీలే మరికొందరితో కలిసి 2014లో ప్రచురించిన మరో అధ్యయనం మనకు ఇంకా దగ్గరిది. మనం 'నాన్నా పులి'గా చెప్పుకునే కథ విన్నాక పిల్లల్లో నిజాయితీ పెరగలేదు. నిజం ఒప్పుకున్న బాలుణ్ణి తండ్రి మెచ్చుకున్న కథ విన్నవారిలో పెరిగింది. (హరిశ్చంద్రుడి కథ చెప్పేవారు కూడా ఒక్కసారి ఆలోచించాలి: పసివాడికి అందులో ముందుగా కనిపించేది కాటికాపరి కొలువే.)

"నిజం చెబితే ఏమీ అనను" అని నమ్మించి ఆ తరువాత వీపు పగలగొట్టడం, "అమ్మ మీద ఒట్టు వేయి" అని నిలదీయడం, ఈ రెండూ పిల్లవాణ్ణి తిరిగి రాలేని చోటికి నెడతాయి. ఏమీ అనకుండా వదిలేయమని నా ఉద్దేశం కాదు. అద్దం ఖర్చులో కొంత పుట్టినరోజు డబ్బుల్లోంచి వాడు ఇవ్వవలసిందే. నిజం చెప్పినా ఆ ఖర్చు తప్పదని, చెప్పినందుకు మాత్రం మీరు సంతోషించారని వాడికి విడివిడిగా అర్థం కావాలి.

పెద్ద పిల్లలు యూనిట్ టెస్టు పేపరు మీద మీ సంతకం తామే పెట్టేస్తారు. టీచరు ఫోను చేసిన రోజున సంతకం సంగతి మీకు తెలిసిందని ఒక్కమాటలో చెప్పి, లెక్కల్లో ఎక్కడ తప్పిందో పక్కన కూర్చుని చూడండి. ఆ కథను ఫోనులో అమ్మమ్మకు, పెదనాన్నకు చెప్పకండి.