41వ ఎపిసోడ్: వానాకాలం పాదులు (అనుకునే మొదలెట్టాం)

వాసు: నమస్తే. ఈసారి బీర, పొట్ల, కాకర పాదులు. అక్కా, కానివ్వు.

సుజాత: గింజలు రాత్రి నానబెట్టి నాటండి, మొదలు దగ్గర నీళ్లు నిలవకుండా మట్టి కాస్త ఎత్తు చేయండి, తీగ పాకకముందే పందిరి వేసుకోండి. అయిపోయింది. ఇక నా తేనెపెట్టె సంగతి చెప్పనా?

వాసు: అదేంటి, అంతేనా పాదులు!

సుజాత: పెళ్లికెళ్లి పది రోజులకి వచ్చాను కదరా. పెట్టె గుమ్మం దగ్గర ఒక్క తేనెటీగ కూడా తిరగట్లేదు. ఎత్తి చూస్తే ఖాళీ అట్టపెట్టెలా చేతికొచ్చింది. మూత తీస్తే పట్లు కట్టుకునే చెక్క ఫ్రేముల మధ్య తెల్లటి గూడు, మైనంలో సొరంగాలు, అడుగున నల్లగా రవ్వలాంటి పెంటికలు.

వాసు: మైనపు పురుగు, ఇంకేముంది. కాకపోతే నేను మొదట్నుంచీ చెప్తున్న సెల్ టవర్...

సుజాత: టవర్ పెట్టి ఆరేళ్లయింది, ఈగలొచ్చి మూడేళ్లు. టవర్ నీడలోనే పెరిగాయవి. ఇక పురుగంటావా, పాడుబడ్డ ఇంట్లో గబ్బిలాలు కనిపిస్తే గబ్బిలాలే ఇల్లు కూల్చాయంటావా? ఈగలు నిండుగా ఉంటే ఆ పురుగుల్ని లాగి బయట పారేస్తాయి. కాపలా పల్చబడ్డాకే అది లోపల కాపురం పెడుతుంది.

వాసు: దోమల పొగబండి కూడా వచ్చింది, నువ్వు లేనప్పుడు.

సుజాత: మందు తగిలితే గుమ్మం ముందు కుప్పలుగా పడతాయి, చాలావాటికి నాలుక బయటికి చాచి ఉంటుంది. కుప్పేదీ?

వాసు: చీమలు మోసుకెళ్లుండొచ్చుగా.

సుజాత: ...సరే, అది నీకే వదిలేస్తున్నా.

వాసు: రాసుకోండి, అక్క ఒప్పుకుంది. 41 ఎపిసోడ్లకి రెండోసారి!

సుజాత: నోర్ముయ్. నాకు ముందు భయమేసింది థాయ్ శాక్‌బ్రూడ్ అని. 1991-92లో దక్షిణాదిలో మన నాటు ఈగల పెట్టెల్ని తుడిచిపెట్టేసిన వైరస్, ఆ దెబ్బకే చాలామంది ఇటాలియన్ ఈగలకి మారారు. అదైతే పిల్లపురుగు అరలో వెల్లకిలా చచ్చి ఉంటుంది, సూదితో పైకి తీస్తే నీళ్ల సంచిలా వేలాడుతుంది. టార్చి పెట్టి ఒక్కో అర చూశాను. ఒక్కటీ లేదు.

వాసు: మరేం కనపడింది?

సుజాత: నాలుగో ఫ్రేములో, గుప్పెడు ఈగలు అరల్లోకి తలలు దూర్చేసి ఉన్నాయి. బయటికి వెనక భాగాలే. పిన్నీసుతో ఒకదాన్ని లాగాను, ఎండిపోయి ఉంది. అర అడుగున చివరి చుక్క నాకుతూ పోయాయన్నమాట. చుట్టూ ఎక్కడా బొట్టు తేనె లేదు.

వాసు: ఆకలా? తిండి లేకపోతే నాటు ఈగలు లేచిపోతాయని నువ్వే అన్నావుగా, 12వ ఎపిసోడ్లో.

సుజాత: ఎనిమిది రోజులు తెరిపివ్వని వానలో ఎక్కడికి లేస్తాయిరా? పైగా మూతలేసిన అరల్లో పిల్లలున్నాయి, వాటిని వదిలి అంత తేలిగ్గా పోవు. వాసూ, జూన్ మొదట్లో తేనె తీసిందెవరు?

వాసు: పై గదిలోదేగా నేను తీసింది.

సుజాత: కింద గదిలో, ఈగలు తమకోసం దాచుకునే అంచు ఫ్రేములు రెండూ కోసి ఉన్నాయి.

వాసు: ...గుంటూరు అత్తయ్యకి సీసా ఇస్తానన్నా కదా.

సుజాత: మళ్లీ గుంటూరు సీసాయేనా.

వాసు: అదొక్కటే అక్కా. ఇంకోటి ఆఫీసులో...

సుజాత: (చాలాసేపు మాట లేదు) నేనూ ఈగలకి పాకం పెట్టకుండా పెళ్లికెళ్లానులే. గ్లాసు పంచదార, గ్లాసు నీళ్లు. పట్టుచీర ఇస్త్రీకి మాత్రం గంట దొరికింది నాకు.

వాసు: టవర్ వల్ల పూలు వెతకడం కూడా...

సుజాత: వాసూ!

వాసు: సరే, సరే. ఆ ఫ్రేములు ఏం చేస్తున్నావు?

సుజాత: పట్లు కోసి మైనం కరిగించాలి, పెట్టె ఎండలో ఆరబెట్టాలి. వాన ఆగిందా?

వాసు: ఉండు, చూసొస్తా.