హెచ్-ఇండెక్స్ 8 గొప్పా, 25 గొప్పా?

నమస్తే అండీ. యూనివర్సిటీలో ఒకే ఒక్క రీసెర్చ్ అవార్డు ఉంది, చివరికి ఇద్దరు మిగిలారు అనుకుందాం. సెల్ బయాలజీ మేడమ్ హెచ్-ఇండెక్స్, అంటే రీసెర్చ్ ప్రభావాన్ని కొలవడానికి వాడే అంకె, 25. మ్యాథ్స్ సార్‌ది 8. కమిటీలో ఎవరో ఒకరు "ఇందులో ఆలోచించడానికి ఏముంది, 25 పెద్దది కదా" అంటారు. నాకు బాధేసేది ఆ మాటకే.

ముందు అసలు ఈ అంకె ఎలా వస్తుందో చూద్దాం. అమెరికాలో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో దీన్ని ప్రతిపాదించారు. ఒక పేపర్‌ని వేరే పేపర్లు ఎన్నిసార్లు రిఫరెన్సుగా చూపిస్తే అన్ని సైటేషన్లు. మీ పేపర్లని సైటేషన్లు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని దాకా వరసగా పేర్చండి.

(స్క్రీన్ మీద: 50, 18, 11, 6, 5, 2)

ఐదో పేపర్‌కి 5 సైటేషన్లు ఉన్నాయి, ఆరోదానికి రెండే. అంటే కనీసం ఐదేసి సైటేషన్లున్న పేపర్లు ఐదు, కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. ఇప్పుడు ఆ 50 తీసేసి 50,000 పెట్టండి. అప్పుడూ ఐదే! ఒక్క పేపర్ ఎంత గొప్పదైనా ఈ అంకెలో కనపడదన్నమాట. భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ 1964లో రాసిన పనికి 2013లో నోబెల్ వచ్చింది, ఆ తర్వాత ఆయన రాసినవి చాలా కొద్ది. ఈ రోజుల్లో అయితే నాకు యూనివర్సిటీ ఉద్యోగం వచ్చేది కాదని ఆయనే గార్డియన్ పత్రికకి చెప్పారు.

సరే, మన ఇద్దరి దగ్గరికి వద్దాం. బయాలజీ పేపర్ చివర రిఫరెన్సుల జాబితా చాంతాడంత ఉంటుంది, గణితంలో చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు. బయాలజీలో పనిచేసేవాళ్లు ఎక్కువ, పేపర్లు త్వరగా వస్తాయి, త్వరగా పాతబడతాయి. గణితంలో ఒక నిరూపణని సరిచూడటానికే ఏళ్లు పట్టొచ్చు. పైగా ల్యాబ్‌లో పదిమంది కలిసి రాస్తారు, గణితంలో ఒకరో ఇద్దరో ముగ్గురో. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద వచ్చిన ఒక పేపర్‌కి 5,154 మంది రచయితలు. మామూలు లెక్కలో ఆ పేపర్‌కి వచ్చే ప్రతి సైటేషనూ అందరి ఖాతాలోనూ పూర్తిగా పడుతుంది.

మరి పోల్చడం ఎలా? ఒక పేపర్‌కి వచ్చిన సైటేషన్లని, అదే రంగంలో అదే ఏడాది వచ్చిన అదే రకం పేపర్ల ప్రపంచ సగటుతో భాగించాలి. ఊరికే లెక్క కోసం అనుకుందాం: గణితం పేపర్‌కి 8, అక్కడి సగటు 4, అంటే 2.0. బయాలజీ పేపర్‌కి 30, అక్కడి సగటు 40, అంటే 0.75. అంకె తిరగబడింది చూశారా! పేపర్లనీ సైటేషన్లనీ నమోదుచేసే స్కోపస్ డేటాబేస్‌లో రంగాన్ని బట్టి సవరించిన సైటేషన్ స్కోర్ ఇదే, అందులో 1 అంటే ప్రపంచ సగటు. కాకపోతే ఒక్క పేపర్‌కి విపరీతంగా సైటేషన్లు వస్తే సగటు మొత్తం పైకి లేచిపోతుంది, అందుకే తమ రంగంలో పై 10 శాతంలో ఎన్ని పేపర్లున్నాయని చూడటం నాకు ఎక్కువ నచ్చుతుంది.

మన వార్తాపత్రికల్లో ఏటా వచ్చే "స్టాన్‌ఫోర్డ్ టాప్ 2 శాతం" వార్తలు చూసే ఉంటారు. జాన్ ఐయొనిడిస్ బృందం తయారుచేసే ఆ జాబితాలో సొంత సైటేషన్లు (తమ పేపర్లని తామే రిఫరెన్సుగా చూపించుకున్నవి) తీసేసిన లెక్క విడిగా ఉంటుంది, రచయితల వరసలో పేరు ఎక్కడుందో చూస్తారు, శాస్త్రాన్ని 174 ఉపరంగాలుగా విడగొట్టి ర్యాంకులిస్తారు. వార్తలో ఉపరంగం పేరు మాత్రం చాలాసార్లు కనపడదు, ముందు వెతకాల్సింది దాన్నే.

ఇంకో చిక్కుంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపర్ రాశారు. డేటా నుంచి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే క్రామర్-రావు బౌండ్ అక్కడిదే. ఇప్పుడు దాన్ని వాడేవాళ్లు చాలామంది ఆ పేరు రాసి ఊరుకుంటారు, 1945 పేపర్‌ని రిఫరెన్సుల్లో పెట్టరు. పని ఎంతగా అందరిదైపోతే సైటేషన్ అంతగా జారిపోతుంది! ఆ పనికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటించింది 2023లో, అప్పటికి ఆయనకి 102 ఏళ్లు.

తెలుగు శాఖలో శాసనాల మీద ఇరవై ఏళ్లు పనిచేసి పుస్తకం వేసినవాళ్లని ఇదే వరసలో నిలబెడితే, స్కోపస్‌లో చాలాసార్లు వాళ్ల పేరే దొరకదు. అక్కడ కమిటీ ఆ పుస్తకం తెప్పించుకుని చదవాలి.

మీరు దరఖాస్తు నింపుతుంటే హెచ్-ఇండెక్స్ పక్కన గూగుల్ స్కాలర్‌దా, స్కోపస్‌దా అన్నది, చూసిన తేదీ కూడా రాయండి. స్కాలర్ థీసిస్‌లనీ లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ అంకె సాధారణంగా పెద్దగానే ఉంటుంది.