పోర్చుగల్ పల్లెలో ఒక చిన్న ఇల్లు

శ్రోతలకు నమస్కారం. ఉద్యోగం వదిలేసి ఐరోపాలో ఏదో పల్లెకు పోయి, నాలుగు ఆలివ్ చెట్లు పెంచుకుంటూ, "అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారా" అని అడిగేవాళ్లు లేనిచోట బతకాలని ఊహించుకునేవాళ్లు మనలో తక్కువేం కాదు. ఆ ఊహలో ఈమధ్య పోర్చుగల్ పేరు ఎక్కువగా వినిపిస్తోంది. దానికి కారణం డీ7 వీసా. అక్కడ ఉద్యోగం చూపించనక్కర్లేదు, కోట్లు పెట్టనక్కర్లేదు. పింఛను, అద్దె, డివిడెండ్ లాంటి రాబడి ఉంటే చాలు.

ఎంత ఉండాలన్నదానికి ఆ దేశపు కనీస వేతనమే కొలత. 2025లో అది నెలకు 870 యూరోలు. భార్యకో భర్తకో అందులో సగం, ఒక్కో పిల్లకు 30 శాతం కలపాలి. ముగ్గురికి 1,566 యూరోలు. ఏటా మారుతుంది కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది అంకె చూసుకోవాలి.

ఇంతేనా అనిపిస్తుంది. చిక్కంతా రుజువు దగ్గరే. మన పల్లెల్లో కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. పట్నంలో అద్దె ఒప్పందం పదకొండు నెలల స్టాంపు కాగితం, డబ్బు చేతికి. వీసా అధికారి దృష్టిలో ఇదేదీ ఆదాయం కాదు. అద్దె బ్యాంకులో పడాలి, ఆదాయపు పన్ను రిటర్నులో కనిపించాలి. ఈ పని ఏడాది ముందే మొదలుపెట్టడం మంచిది.

తర్వాత పేర్లు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లి ధ్రువపత్రంలో పుట్టింటి పేరుతో ఉంటుంది. ముందు ఇవి సరిచేయించి, ఆ తర్వాతే విదేశాంగ శాఖ చేత అపోస్టిల్, అంటే పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లే ముద్ర వేయించాలి. తిరగేసి చేస్తే ఆ ఖర్చు మళ్లీ పడుతుంది. పోలీసు క్లియరెన్స్ అన్నిటికంటే చివర; అది త్వరగా పాతబడుతుంది.

వీసా గడువు నాలుగు నెలలే. అక్కడికి వెళ్లాక రెండేళ్ల నివాస కార్డు తీసుకోవాలి. ఆ రెండేళ్లలో సరైన కారణం లేకుండా వరుసగా ఆరు నెలలు మించి గానీ, మొత్తం మీద ఎనిమిది నెలలు మించి గానీ దేశం బయట ఉండకూడదు. సంక్రాంతికి వచ్చి, ఆవకాయ పెట్టుకుని మే నెలాఖరుకు వెళదామని రెండేళ్లూ అనుకుంటే గీత దాటినట్టే.

ఇక్కడి అద్దె సంగతీ మారుతుంది. మీరు ప్రవాసి (ఎన్నారై) అయ్యాక అద్దెకున్నవారు 31.2 శాతం పన్ను కోసుకుని మిగతాది ఇవ్వాలి. పన్ను అంత పడకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ ఈలోగా నెలనెలా చేతికొచ్చేది తగ్గుతుంది. ఇంత తతంగం ఎందుకని ఇల్లు ఖాళీ చేసేవాళ్లూ ఉంటారు. వ్యవసాయ భూమి ఉన్నది ఉంచుకోవచ్చు గానీ కొత్తగా కొనడానికి లేదు.

ఇక ఆ పల్లె. అడిగేవాళ్లు ఉండరన్నది చాలావరకు నిజమే. చుట్టాలు అడగరు, పొదలు కొట్టారా అని మునిసిపాలిటీ అడుగుతుంది. మధ్య పోర్చుగల్‌లో నేల చౌకగా దొరకడానికి ఒక కారణం, పట్టించుకునేవాళ్లు లేక పెరిగిపోయిన యూకలిప్టస్, పైన్ తోపులు. 2017 జూన్‌లో పెద్రోగావ్ గ్రాందే మంటల్లో అరవై మందికి పైగా చనిపోయాక పాత నిబంధనలను గట్టిగా అమలుచేస్తున్నారు. అడవి నేలైతే ఇంటి చుట్టూ 50 మీటర్ల మేర పొదలు కొట్టాలి. యూకలిప్టస్, పైన్ చెట్ల కొమ్మల మధ్య 10 మీటర్ల ఎడం ఉండాలి. పక్కవారి ఇల్లు ఆ దూరంలో ఉంటే మీ నేలలో పొదలు మీరే కొట్టాలి. గడువు మామూలుగా ఏప్రిల్ 30, దాటితే జరిమానా. కొట్టిన చెత్త ఇష్టమొచ్చినప్పుడు తగలబెట్టడానికీ లేదు, ముందుగా తెలియజేయాలి. కొండవాలులో ఈ పనికి ఏటా ఎంతవుతుందో అక్కడి కూలీలనే అడిగి, ఆ మొత్తం కూడా లెక్కలో వేసుకున్నాకే బేరానికి దిగండి.