రాత్రి 12 గంటలకి మీ డేటా ఎవడు లాక్కుంటున్నాడు?

నమస్తే అండి, ఒడిశాలో ఆంధ్రా బోర్డర్ పక్కనున్న పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఫోన్ రీఛార్జి చేస్తే రోజుకి ఒకటిన్నర జీబీ డేటా, 28 రోజులు, మిగిలింది అర్ధరాత్రికి మాయం, ఈ గొడవ మీకు తెలిసిందే. నేను ఒక్కటే చెప్తాను, ఇది ఎంత వాడినా ఒకే డబ్బనే ఫ్లాట్ రేటూ కాదు, వాడినంతకే డబ్బనే మీటర్ రేటూ కాదు, మనం తక్కువ వాడితే ఫ్లాట్ రేటంటారు, ఎక్కువ వాడితే మీటరంటారు, రెండు వైపులా పోయేది మన డబ్బే!

మా పిన్ని ఆర్.ఉదయగిరి వైపు కొండ ఊళ్ళో ఉంటది. కొడుకు సూరత్‌లో, ఆదివారం తప్ప సెలవు లేదు. ఆరు రోజులు ఆవిడ డేటా ముట్టదు, రోజూ కొట్టుకుపోద్ది. ఆదివారం పొద్దున్నే మనవలు బొమ్మలు చూసేసి, ఆ తర్వాత వీడియో కాల్ మొదలెట్టేసరికి కోటా అయిపోయి స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోయింది, కొడుకు మొహం గడులు గడులుగా ఆగిపోయింది. పాపం సిగ్నల్ పోయిందనుకుని ఫోన్ పైకెత్తి అరుగంతా తిరిగింది. వారానికి పదిన్నర జీబీ కొన్న మనిషండీ ఆవిడ! అందులో రెండు జీబీలు కూడా వాడలేదు!

కిరాణా కొట్టోడు రోజుకి కిలోన్నర బియ్యమిచ్చి, వండనివి రాత్రికి పట్టుకుపోతే ఊరుకుంటామా?

మాకు ఈ మోసాలు కొత్త కాదులెండి, ఒకప్పుడు ఇంట్లో కూర్చుంటేనే ఆంధ్రాలోని పాతపట్నం వైపు టవర్ పట్టేసి రోమింగ్ ఛార్జీ కట్టయ్యేది. అది పోయింది, ఇది వచ్చింది.

2022లో టెలికాం కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్ 30 రోజుల ప్లాన్ ఒకటైనా పెట్టాలంది, ఎందుకంటే 28 రోజుల లెక్కన ఏడాదికి 13 రీఛార్జులు పడతాయి. 2024 డిసెంబర్లో డేటా వద్దనేవాళ్ళకి కాల్స్, ఎస్ఎంఎస్‌ల ప్యాక్ విడిగా ఇవ్వాలంది. మంచిదే. అర్ధరాత్రి కోత మాత్రం అలాగే ఉంది. అదే ఏడాది జులైలో జియో 239 ప్లాన్ 299 అయింది, రోజుకి అదే ఒకటిన్నర జీబీ.

నా అనుమానం చెప్పనా, ఈ రోజువారీ కోటా పెట్టింది మనల్ని అలవాటు చెయ్యడానికే. మా తమ్ముడు 11.30కి నిద్ర ఆపుకుని రీల్స్ చూస్తాడు, ఏటిరా అంటే డేటా వేస్ట్ అయిపోద్దన్నా అంటాడు!

ఒకటిన్నర ఇంటూ 28, 42 జీబీ. ఆ 42 ఒకేసారి ఇచ్చెయ్యండి, ఏ రోజు ఎంత వాడుకోవాలో మా పిన్నికి తెలుసు. టవర్ మీద లోడు పడుద్దంటారా, అయితే కరెంటు బిల్లులా వాడిన యూనిట్లకే డబ్బు తీసుకోండి.

ఈ రాత్రి 11.50కి మీ డేటా బ్యాలెన్స్ చూడండి, ఎంత మిగిలిందో, మీ ఊరి పేరుతో కామెంట్లో పెట్టండి.